అడ్డంగా పడ్డ చెట్లలోంచి వచ్చిన ‘కంబర్‌సమ్’

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులివి. ఈసారి చాలా ప్రశ్నలు ఒకే విశేషణం చుట్టూ తిరిగాయి కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: ‘కంబర్‌సమ్’ అన్న ఇంగ్లీషు మాటకి నిఘంటువులో ‘బరువైన, మోయడానికి కష్టమైన’ అని ఉంది. కానీ పత్రికల్లో ‘కంబర్‌సమ్ ప్రొసీజర్’ అని కూడా రాస్తున్నారు. పద్ధతికి బరువేమిటి? అసలీ మాట ఎక్కడిది?

జవాబు: నిఘంటువు చెప్పింది తప్పు కాదు గానీ, సగమే చెప్పింది. ఈ మాటకి ప్రాణం ‘అడ్డు’. నడకకి, కదలికకి, చేతిలో పనికి అడ్డుపడే గుణం ఏ వస్తువులో ఉన్నా అది కంబర్‌సమ్. బరువు అందుకు ఒక కారణం కావచ్చు, కాకపోవచ్చు.

పది కిలోల ఇనప డంబెల్‌నే చూడండి. బరువైనదే, కానీ పట్టుకోవడానికి పిడి ఉంది, చేతిలో ఇముడుతుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. దాన్ని ‘హెవీ’ అంటారు గానీ కంబర్‌సమ్ అనరు. ఇద్దరు పడుకునే నురుగు పరుపును మేడమీదికి చేర్చడం వేరే సంగతి. దానికి పిడి ఉండదు. చేతులు చాపినా రెండంచులూ అందవు. ఎత్తగానే మధ్యలో వంగిపోతుంది. మెట్ల మలుపులో ఒక మూల గోడకి రాసుకుంటే ఇంకో మూల రెయిలింగులో ఇరుక్కుంటుంది. మోసేవాళ్లకి ముందు మెట్టు కనిపించదు. అది ఎన్ని కిలోలన్నది ఇక్కడ రెండో మాట. ఇంగ్లీషువాళ్లు కంబర్‌సమ్ అనేది ఈ అవస్థనే.

ఈ అర్థం ఎలా వచ్చిందో తెలియాలంటే మాటని విడదీయాలి. ఇందులో ‘కంబర్’ ఒక ముక్క, ‘సమ్’ ఇంకో ముక్క. కంబర్ అనే క్రియ 1300 ప్రాంతానికి ఇంగ్లీషులో కనిపిస్తుంది. అప్పట్లో దాని అర్థం ఇప్పటికన్నా చాలా గట్టిది: కూలదోయడం, నాశనం చేయడం, వేధించడం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి ఇంగ్లీషులో చేరాయి కదా, ఇదీ ఆ దారినే వచ్చింది. పాత ఫ్రెంచిలో ‘ఎన్‌కోంబ్రెర్’ అంటే దారి మూసేయడం, అడ్డుకోవడం. దానికి మూలం ‘కోంబ్ర్’ అనే నామవాచకం. నదికి అడ్డంగా వేసిన కట్టని అలా పిలిచేవారు. మధ్యయుగాల లాటిన్‌లో ఇదే మాట ‘కోంబ్రుస్’ రూపంలో ఉంది. చెట్లు నరికి, కొమ్మలతో సహా దారికి అడ్డంగా పడేసి శత్రువును నిలవేసే ఏర్పాటుకి ఆ పేరు.

అంతకన్నా వెనక్కి వెళితే లిఖితంగా దొరకదు. భాషాశాస్త్రజ్ఞులు పోలికల ఆధారంగా ‘కొంబొరొస్’ అనే రూపాన్ని ఊహించారు. సీజరు దండెత్తేనాటికి నేటి ఫ్రాన్సు ప్రాంతంలో మాట్లాడిన గాలిష్ భాషలోది అని వాళ్ల అంచనా. ‘కొం’ అంటే కూడి, కలిపి. ‘బెర్’ అంటే మోయడం, తేవడం. మొత్తం కలిపితే ‘ఒకచోటికి తెచ్చి పడేసింది’. దుంగలూ కొమ్మలూ తెచ్చి కుప్పపోస్తే అయ్యేది అడ్డుకట్టే కాబట్టి అర్థం సరిగ్గా అతుకుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లు కాసేపు ఆగాల్సిన చోటొకటి ఉంది. ఆ ‘బెర్’ మనకి కొత్తది కాదు. సంస్కృతంలోని ‘భృ’ ధాతువు దాని తోబుట్టువే. దాన్నుంచి వచ్చిన భారం, భరించు, భృతి, భర్త అన్నీ మనం రోజూ వాడే మాటలే. ‘సంభారం’ అన్న మాట మరీ దగ్గరిది. ‘సం’ అంటే కలిపి, ‘భారం’ అంటే తెచ్చినది; ఒకచోటికి తెచ్చిన సామగ్రి సంభారం. అంటే గాలిష్ మాటా సంస్కృతం మాటా ఒకే ఊహతో, అదే ధాతువుతో కట్టినవి. ఒకటి దారికి అడ్డుకట్ట అయింది, ఇంకోటి పనికి కావలసిన సరంజామా అయింది.

దీన్ని చూసి ‘ఇంగ్లీషు సంస్కృతంలోంచి పుట్టింది’ అనేయకండి. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో తరచుగా కనిపించే పొరపాటు అది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ బహుశా ఇప్పుడు లేని ఒకే మూలభాష నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పారు. గాలిష్, ఇంగ్లీషులదీ అదే కుటుంబం. తాతగారొకరే, కొమ్మలు వేరు. ఆ తాతగారి ‘భ’కారం సంస్కృతంలో అలాగే నిలిచింది, ఇంగ్లీషులోనూ గాలిష్‌లోనూ ‘బ’ అయింది, లాటిన్‌లో మాట మొదట్లో ‘ఫ’ అయింది. భ్రాత, బ్రదర్, ఫ్రాతెర్ వరస ఇదే. ఇంగ్లీషులో బేర్, బర్డెన్, లాటిన్ నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫర్‌లోని ‘ఫర్’ అన్నీ ఈ ఇంటివే. తెలుగు ద్రావిడ భాష కాబట్టి భారం మనకి సంస్కృతం ద్వారా వచ్చిన మాట.

రెండో ముక్క ‘సమ్’ అచ్చంగా ఇంగ్లీషుదే. నామవాచకానికో క్రియకో చివర చేరి ‘ఆ గుణం కలిగిన’ అనే అర్థాన్నిస్తుంది: టైర్‌సమ్, ట్రబుల్‌సమ్, క్వారల్‌సమ్. జర్మన్‌లో దీనికి జోడీ ‘జామ్’. లాంగ్‌జామ్ అంటే నెమ్మదైన. ఈ ప్రత్యయం కూడా పైన చెప్పిన మూలభాషలో ‘ఒకటి, కలిసి’ అనే అర్థమున్న ధాతువు నుంచే వచ్చింది. మన ‘సమం’, ‘సం’ దానికి చుట్టాలు. అంటే కంబర్‌సమ్ అని పలికినప్పుడల్లా భారాన్నీ సమాన్నీ వాటి దూరపు రూపాల్లో పలుకుతున్నట్టే.

ఈ రెండు ముక్కలూ 14వ శతాబ్దం చివర్లో ఒకటయ్యాయి. మొదట్లో ‘దాటి వెళ్లడానికి కష్టమైన’, ‘ఇబ్బంది పెట్టే’ అనే అర్థాలుండేవి. మోతకీ వాడకానికీ లొంగని వస్తువు అన్న అర్థం ఆ తరవాతది. కాబట్టి మీరడిగిన ‘కంబర్‌సమ్ ప్రొసీజర్’ కొత్తగా సాగదీసిన ప్రయోగమేమీ కాదు. ఒకే వివరాన్ని మూడు ఫారాల్లో నింపి, నాలుగు బల్లల మీద సంతకాలు పెట్టించి, ఒక్క కాగితం తక్కువైతే మళ్లీ మొదటి బల్లకి పంపే పద్ధతి దారిలో పడ్డ చెట్టు చేసే పనే చేస్తుంది.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మనిషిని కంబర్‌సమ్ అనకండి. చేతిలో వస్తువులు జారవిడిచే మనిషి ‘క్లమ్జీ’. మనసుకో జేబుకో బరువయ్యే బాధ్యత, పన్ను, వడ్డీ వంటివాటికి ‘బర్డెన్‌సమ్’ గానీ ‘ఆనరస్’ గానీ సరిపోతుంది. బాధ్యత ఎంత పెద్దదన్నది కాక, దాన్ని నెరవేర్చే తీరు చిక్కుగా ఉందన్నప్పుడు మాత్రమే కంబర్‌సమ్.

ప్రశ్న: అనువాదంలో దీనికి ఏ తెలుగు మాట వాడాలి? ‘భారీ’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ‘భారీ’ మెచ్చుకోలుగా కూడా వాడే మాట: భారీ విజయం, భారీ ఏర్పాట్లు. కంబర్‌సమ్‌లో మెచ్చుకోలు ఎప్పుడూ ఉండదు. పైగా భారీ పరిమాణాన్ని చెబుతుందే తప్ప ఇబ్బందిని చెప్పదు.

ఒకే మాటతో అన్నిచోట్లా నెట్టుకురావాలని చూడకండి. వస్తువైతే ‘చేతికి లొంగని’, ‘ఎత్తను దించను వీల్లేని’, ‘పట్టు దొరకని’ వంటివి సందర్భాన్ని బట్టి నప్పుతాయి. ఇబ్బంది ఏ రకమో చెప్పేస్తే ఇంకా మంచిది. మూలంలో ‘కంబర్‌సమ్ కోటు’ అని ఉంటే ‘చేతులు ఆడనివ్వని కోటు’ అనొచ్చు. పద్ధతీ వ్యవహారమూ అయితే జంజాటం, తతంగం ఉన్నాయి. ‘ఇదంతా పెద్ద తతంగం’ అన్న వాక్యంలో విసుగు దానంతటదే వచ్చేస్తుంది.

పోలికగా వాడిన చోట ‘గుదిబండ’ని మించింది లేదు. పశువు పరుగెత్తి పోకుండా మెడకి వేలాడదీసే బరువైన కర్ర అది. అడుగు వేసినప్పుడల్లా కాళ్లకి తగులుతుంది. ఫ్రాన్సులో దారికి అడ్డంగా పడేసిన దుంగా, మన పశువు మెడలో కట్టిన దుంగా చేసే పని ఒకటే. అయితే గుదిబండ నామవాచకం, కాస్త ఘాటైనది కూడా. మామూలు సూట్‌కేసు వర్ణనలో దాన్ని వాడితే వాక్యం మితిమీరుతుంది.

ప్రశ్న: నేను రాసిన వ్యాసాన్ని దిద్దినవారు ఒక వాక్యం పక్కన ‘కంబర్‌సమ్’ అని రాశారు. వ్యాకరణ దోషం కనిపించలేదు. ఏం సరిచేయాలి?

జవాబు: వ్యాకరణం తప్పయితే అలా రాయరు. వాక్యంలో అర్థం ఉంది గానీ, దాన్ని చేరడానికి చదివేవాళ్లు చాలా అడ్డంకులు దాటాల్సి వస్తోందని ఆ గుర్తుకి అర్థం. ఈ జబ్బు ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి తెలుగులోనే చూద్దాం.

‘సదరు దరఖాస్తుదారుని చేత సమర్పించబడిన పత్రాల యొక్క పరిశీలన పూర్తి చేయడం జరిగిన మీదట అనుమతి మంజూరు చేయబడుతుంది.’

ఇందులో 14 మాటలున్నాయి. ముందు క్రియలెక్కడున్నాయో వెతకండి. ‘పరిశీలించు’ అనే క్రియ ‘పరిశీలన’ అనే నామవాచకంగా గడ్డకట్టింది. గడ్డకట్టాక దాన్ని కదిలించడానికి ‘పూర్తి చేయడం’, దాన్ని కదిలించడానికి మళ్లీ ‘జరిగిన’ కావలసి వచ్చాయి. మొదటి మరమ్మతు అక్కడ: నామవాచకాన్ని మళ్లీ క్రియ చేయండి. తరవాత ‘బడు’లు తీసేయండి. ‘చేత’, ‘యొక్క’ వాటంతటవే రాలిపోతాయి. ‘సదరు’ ఎవరినీ కొత్తగా చూపించడం లేదు, కాబట్టి అదీ అక్కర్లేదు. మిగిలేది:

‘దరఖాస్తుతో ఇచ్చిన పత్రాలను పరిశీలించాక అనుమతి ఇస్తారు.’

ఆరు మాటలు. అర్థంలో నష్టం లేదు.

ఇంగ్లీషు వాక్యానికీ ఇదే వరస. ‘షన్’తో ముగిసే నామవాచకాలకి గీత గీయండి; వాటిలో క్రియగా మార్చగలిగినవి మార్చండి. కర్తకీ క్రియకీ మధ్య దూరం పది పన్నెండు మాటలు దాటితే వాక్యాన్ని రెండు చేయండి. ‘ఆఫ్’లు వరసగా మూడొస్తే అక్కడ తప్పకుండా ఏదో ఇరుక్కుంది. పొడవు దానంతటది తప్పు కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. వరస కుదిరిన నలభై మాటల వాక్యం హాయిగా నడుస్తుంది, కుదరని పన్నెండు మాటల వాక్యం కాళ్లకి అడ్డం పడుతుంది. పైకి చదివి చూస్తే ఎక్కడ ఊపిరి తట్టుకోలేదో తెలిసిపోతుంది.

ప్రశ్న: ‘అన్‌వీల్డీ’, ‘కంబర్‌సమ్’ ఒకటేనా?

జవాబు: సామాను విషయంలో చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చు. కానీ దృష్టి వేరు. వీల్డ్ అన్న క్రియకి పాత ఇంగ్లీషులో అర్థం ఏలడం, అదుపులో పెట్టుకోవడం. వాల్టర్, హెరాల్డ్, ఆర్నాల్డ్ అనే పేర్ల చివరా మొదటా ఉన్న ‘వాల్ట్’, ‘ఆల్డ్’ ఈ ఏలుబడి మాటే. కాబట్టి అన్‌వీల్డీ అంటే ఏలుబడికి లొంగనిది, పట్టు తప్పేది. అరవైమంది సభ్యుల కమిటీ అన్‌వీల్డీ: ఒక మాట మీదికి తేవడం ఎవరి తరమూ కాదు. ఆ కమిటీ పెట్టిన ఆరంచెల అనుమతి పద్ధతి కంబర్‌సమ్. 14వ శతాబ్దంలో అన్‌వీల్డీ అంటే బలహీనమైన, శక్తి ఉడిగిన అని అర్థం. ముసలితనంలో స్వాధీనం తప్పిన కాళ్లూ చేతుల గురించి వాడేవారు. వస్తువుల మీదికి మారింది 16వ శతాబ్దంలో.

స్పెల్లింగులో చాలామంది ‘డీ’ తరవాత ఇంకో ‘ఎల్’ చేర్చి ‘అన్‌వీల్డ్‌లీ’ అని రాస్తారు. క్రియావిశేషణాల అలవాటు చొప్పున చేయి అలా పోతుంది. మాట ‘డీ, వై’తో ముగుస్తుంది, అంతే.

ప్రశ్న: ‘హ్యాండ్‌సమ్’లోనూ అదే ‘సమ్’ ఉందా? చేతికీ అందానికీ ఏం సంబంధం?

జవాబు: అదే ప్రత్యయం, పైగా కంబర్‌సమ్‌కి పుట్టుకలో సరైన వ్యతిరేక పదం అదే. 1400 ప్రాంతంలో హ్యాండ్‌సమ్ అంటే చేతికి అందుబాటులో ఉన్నది, తేలిగ్గా పట్టి వాడగలిగేది. చేతిలో చక్కగా ఇమిడేదాన్ని ‘తగినది’ అన్నారు, తగినది కాస్తా ‘చక్కనిది’ అయింది, 16వ శతాబ్దం చివరికి అందమైన మనిషి దాకా వచ్చింది. ‘హ్యాండ్‌సమ్ అమౌంట్’ అన్నప్పుడు మనిషి అందం లేదు. ‘తగినంత’ నుంచి ‘బాగా ఎక్కువ’ వరకూ నడిచిన ఇంకో పాయ అది.

‘సమ్’తో ముగిసిన ప్రతిదాన్నీ ఈ లెక్కలో కట్టకండి. ‘నాయ్‌సమ్’లో ప్రత్యయం ఇదే గానీ ముందున్నది నాయిస్ కాదు, అనాయ్‌లోని ‘నాయ్’. దాని అర్థం హానికరమైన, దుర్గంధపు. చప్పుడుకి దానితో పని లేదు. క్రోమోజోమ్‌లో ఉన్నది గ్రీకు ‘సోమా’, అంటే శరీరం. ‘ఫోర్‌సమ్’ వంటివాటిలో సంఖ్య వెనక చేరింది కూడా వేరే దారిలో వచ్చిన ‘సమ్’.

ప్రశ్న: కుకుంబర్, ఇన్‌కంబెంట్ అన్న మాటల్లో కూడా ‘కంబ్’ ఉంది. ఇవీ చుట్టాలేనా?

జవాబు: రెండూ కావు.

కుకుంబర్ లాటిన్ ‘కుకుమిస్’ నుంచి వచ్చింది. దాని ద్వితీయా విభక్తి రూపం ‘కుకుమెరెమ్’. ఫ్రెంచిలో మధ్య అచ్చు పోయి మకారం రేఫ పక్కపక్కన పడ్డాయి. ‘మ్ర’ అని పలికి చూడండి. మూసిన పెదాలు విడిపడేటప్పుడు సన్నగా ‘బ’ పుడుతుంది. ఆ పుట్టిన ‘బ’ అక్కడే స్థిరపడింది. లాటిన్ ‘నుమెరుస్’ ఇంగ్లీషులో నంబర్ కావడానికీ, ‘కామెరా’ ఛాంబర్ కావడానికీ ఇదే కారణం. సంస్కృతం ‘ఆమ్రం’ ప్రాకృతంలో ‘అంబ’ అయిందీ ఇందుకే.

ఇన్‌కంబెంట్ అంటే పదవిలో ఉన్నవారు. దాని మూలం లాటిన్‌లో ‘ఇన్‌కుంబెరె’: దేనిమీదనైనా ఆనుకుని పడుకోవడం, వాలడం. పదవి మీద ఆనుకుని ఉన్నవారు ఇన్‌కంబెంట్. సక్కంబ్ అంటే కిందపడి లొంగిపోవడం. క్యూబికల్ కూడా ఈ ఇంటిదే, లాటిన్‌లో పడకగది. ఇప్పుడు ఆఫీసులో నిద్రపోకూడని చోటికి ఆ పేరుంది.

ప్రశ్న: ఆస్తి పత్రాల్లో కనిపించే ‘ఎన్‌కంబరెన్స్’ సంగతేమిటి?

జవాబు: అది మాత్రం అచ్చంగా కంబర్‌సమ్ తోబుట్టువు. పాత ఫ్రెంచి ఎన్‌కోంబ్రెర్ మొదటి అక్షరంతో సహా మిగిలిన రూపం. న్యాయభాషలో దీనర్థం ఆస్తి మీద ఇతరులకున్న హక్కు: తాకట్టు, బాకీ కింద జప్తు, మరొకరి దారి హక్కు వంటివి. ఆస్తి యజమానిదే, అమ్మడం కూడా అసాధ్యం కాకపోవచ్చు, కానీ దారిలో ఆ దుంగ ఉంటుంది; కొన్నవారికి దుంగతో సహా సంక్రమించవచ్చు. ‘అన్‌ఎన్‌కంబర్డ్’ అంటే అలాంటి చిక్కేమీ లేనిది. ‘ఎన్‌కంబరెన్స్ ఉంది’ అంటే మంచిదన్నట్టు కొందరు పొరబడతారు. మాట పుట్టుక గుర్తుంటే ఆ పొరపాటు రాదు: ఉన్నది అడ్డు, లేకపోవడమే మేలు.

ఈ కుటుంబం ఇతర భాషల్లోనూ విస్తరించింది. ఫ్రెంచిలో డెకోంబ్ర్ అంటే కూలిన కట్టడాల శిథిలాలు. స్పానిష్‌లో ఎస్కోంబ్రోస్ కూడా అదే. జర్మన్‌లో కుమ్మర్ అంటే దుఃఖం, మనోవ్యథ. మధ్యయుగాల జర్మన్‌లో ఆ మాటకి శిథిలం, చెత్తకుప్ప అనే అర్థం కూడా ఉండేది. దారిలో పడ్డ కుప్ప మనసులో పడ్డ కుప్పగా మారింది. ఇంగ్లీషులో ఒంటరి ‘కంబర్’ ఇప్పుడు అరుదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో, కాయని అంజూరపు చెట్టు గురించి ‘ఇది నేలని ఎందుకు కంబర్ చేయాలి’ అనే ప్రశ్న లూకా సువార్తలో ఉంది. చెట్టే అడ్డు కావడం అక్కడ కూడా చూడొచ్చు.

ప్రశ్న: పలకడం ఎలా? ‘మోర్ కంబర్‌సమ్’ అనాలా, ‘కంబర్‌సమర్’ అనాలా?

జవాబు: ‘మోర్ కంబర్‌సమ్’, ‘మోస్ట్ కంబర్‌సమ్’. ఊనిక మొదటి అక్షరం మీద. చివర ‘సోమ్’ అని దీర్ఘం తీయకండి, ‘సమ్’ అని తేల్చేయాలి. అమెరికన్లు మధ్యలో రేఫని పలుకుతారు, బ్రిటిష్ ఉచ్చారణలో అది దాదాపు ‘కంబసమ్’. పుస్తకాల్లో ‘కంబ్రస్’ కనిపిస్తే అదీ ఇదే అర్థం, కాస్త పాతబడిన రూపం. మీ రాతలో కంబర్‌సమ్ వాడుకోండి. నడుముకి చుట్టే ‘కమ్మర్‌బండ్’కి దీనితో సంబంధం లేదు. అది పారసీకం: కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు.